సీలు విప్పితే నాణేనికి ఏమవుతుంది?

2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం ధర లక్ష రూపాయలను తాకినప్పుడు హైదరాబాదులో చాలా ఇళ్లలో బీరువా లాకర్లు తెరుచుకున్నాయి. అక్షయ తృతీయకో, ధనత్రయోదశికో కొని దాచిన బంగారు నాణేలు మళ్లీ వెలుగు చూశాయి. అట్ట మధ్యలో, గట్టి ప్లాస్టిక్ కింద, కొన్న రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కొన్ని ఇళ్లలో వాటి పక్కనే ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం ఉంది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన ఆ నాణేన్ని హైదరాబాదు టంకశాలలోనే ముద్రించారు. సైఫాబాదు, చర్లపల్లి విక్రయ కేంద్రాల దగ్గర వరుసలో నిలబడి కొన్నవారు చాలామంది ఆ ఫోల్డరును నేటికీ విప్పలేదు. ఇంకొన్ని ఇళ్లలో తాతల నాటి చార్మినార్ బొమ్మ రూపాయి ఉంటుంది. అది ఏదో ఒక ప్రదర్శనలో కొన్నదైతే, పైన గ్రేడ్ అంకె రాసి ఉన్న పారదర్శక పలకలో బిగించి ఉంటుంది.

ఈ మూడింటినీ ముందు పెట్టుకుని ఇంటివాళ్లు అడిగే మాట ఒకటే: ఈ ప్లాస్టిక్ తీయవచ్చా, తీస్తే విలువ పోతుందా? ఒక్క మాటలో జవాబు చెప్పేవారు ఇద్దరు దొరుకుతారు. ఒకరు ముట్టుకోవద్దంటారు, మరొకరు లోపలిది లోహమే కదా, భయమెందుకంటారు. ఇద్దరూ సగం సగం నిజమే చెబుతున్నారు. ఎందుకంటే ఈ మూడు నాణేల మీదా ప్లాస్టిక్ చేస్తున్న పని ఒకటి కాదు. ఒకచోట అది రక్షణ కవచం, ఒకచోట సాక్షి సంతకం, ఇంకోచోట దుకాణదారు ఇచ్చిన హామీ. ఏ పని చేస్తున్న ప్లాస్టిక్‌ను తీస్తున్నామో తెలిస్తే పోయేదేమిటో తెలుస్తుంది.

తెరవడానికి చేసినవి, తెరిస్తే తెలిసేలా చేసినవి

అన్నిటికన్నా సాదాది చదరపు అట్ట. మధ్యలో గుండ్రటి కిటికీ, దానికి పల్చటి పారదర్శక పొర. నాణేన్ని లోపల పెట్టి, అట్టను మడిచి, చుట్టూ స్టేప్లర్ పిన్నులు కొడతారు. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే చోట, చార్మినార్ పరిసరాల్లో పాత నాణేలు అమ్మేవారి దగ్గర ఈ అట్టలు కనిపిస్తాయి. లేదా మెత్తటి ప్లాస్టిక్ అరలున్న ఆల్బమ్ కనిపిస్తుంది. ఆ మెత్తటి ప్లాస్టిక్ సంగతి తరువాత చెబుతాను, అది వేరే గొడవ.

క్యాప్సూల్ అంటే రెండు గుండ్రటి మూతలు ఒకదానిలో ఒకటి బిగుసుకునే డబ్బీ. టంకశాల అమ్మే స్మారక నాణేలు చాలావరకు ఇలాంటి డబ్బీలోనే అందమైన అట్ట ఫోల్డరులో ఉంటాయి. వేలిగోటితో అంచు లేపితే వచ్చేస్తుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది.

స్లాబ్ అనగానే మనకు ఇంటి పైకప్పు గుర్తుకొస్తుంది. నాణేల సేకరణలో స్లాబ్ అంటే అరచేతిలో ఇమిడే గట్టి ప్లాస్టిక్ పలక. గ్రేడింగు సంస్థ నాణేన్ని పరీక్షించి, దాని అసలుతనాన్నీ స్థితినీ ఒక చీటీ మీద ముద్రించి, నాణేన్నీ చీటీనీ కలిపి అందులో శాశ్వతంగా మూసేస్తుంది. ఇది తెరవడానికి చేసింది కాదు. విరగ్గొడితేనే తెరుచుకుంటుంది, విరిగాక మళ్లీ అతకదు.

బంగారు నాణేల కార్డు దీనికి దగ్గరి బంధువు. మేలిమి ఎంతో, బరువెంతో, వరుస సంఖ్య ఏమిటో ఆ కార్డు మీదే ఉంటుంది. 2015 నవంబరులో కేంద్ర ప్రభుత్వం అశోక చక్రం ముద్రతో విడుదల చేసిన భారత బంగారు నాణెం కూడా ఇలాంటి, తెరిస్తే గుర్తుపట్టగలిగే ప్యాకింగులోనే వచ్చింది.

గీటురాయి స్థానంలో ఒక అంకె

పూర్వం కంసాలి గీటురాయి మీద గీసి, గీత రంగు చూసి బంగారం వన్నె చెప్పేవాడు. నమ్మకం ఆ మనిషి కంటిలోనూ ఆ రాయిలోనూ ఉండేది. పాత నాణేల వ్యాపారంలో అలాంటి రాయి లేదు. నాణెం అసలుదా నకిలీదా, ఎంత అరిగింది, ఎప్పుడైనా తోమారా అన్నవి చూసే కంటిని బట్టి మారేవి. అమ్మేవాడికి ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది, కొనేవాడికి ఎప్పుడూ అరిగినట్టే కనిపిస్తుంది.

ఈ తగాదా తీర్చడానికి అమెరికాలో ఒక కొలమానం పుట్టింది. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అక్కడి పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు అంకెలతో ఒక మెట్ల వరుస రూపొందించాడు. ఆనవాలు పట్టగలిగేంత మాత్రం మిగిలిన నాణెం 1, ఏ లోపమూ లేనిది 70. చెలామణిలోకి వెళ్లని నాణేలన్నీ 60 నుంచి 70 లోపు వస్తాయి. వాటిని మింట్ స్టేట్ అంటారు. తరువాతి కాలంలో ఈ కొలమానం ఇతర నాణేలకూ వ్యాపించింది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు నాణేన్ని గ్రేడ్ చేసి ప్లాస్టిక్‌లో మూసి ఇవ్వడం మొదలుపెట్టాయి. అమ్మేవాడూ కొనేవాడూ కాని మూడో మనిషి సాక్ష్యం చెప్పడమన్నది అప్పటినుంచి ఒక వ్యాపారంగా స్థిరపడింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆ సాక్ష్యం నాణేనికి కాదు, మూసి ఉన్న పలకకు. సంస్థ ఇచ్చే హామీ పలక చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే. పగిలిన మరుక్షణం అదే నాణెం, అదే మెరుపు, అదే చీటీ చేతిలో ఉన్నా, ఈ చీటీ ఈ నాణేనిదేనని చెప్పేవాళ్లు మీరొక్కరే మిగులుతారు. కొనేవాడికి అది చాలదు. అతణ్ని తప్పుపట్టలేం కూడా.

మరి తెలిసి తెలిసి ఎందుకు పగలగొడతారు?

పలకలోంచి నాణేన్ని తీయడానికి సేకర్తలకు ఉండే కారణాల్లో ఎక్కువ డబ్బుతో ముడిపడింది మళ్లీ గ్రేడింగు. గ్రేడ్ అనేది మనుషులు కంటితో చూసి వేసే అంచనా. ఒకే నాణేనికి ఈసారి 64 ఇచ్చినవారు మరోసారి 65 ఇవ్వవచ్చు, 63 కూడా ఇవ్వవచ్చు. ఒక్క మెట్టు తేడాకు ధర ఎంతో పెరిగే నాణేలున్నాయి. అందుకే కొందరు పలక పగలగొట్టి, నాణేన్ని కొత్తదానిలా మళ్లీ పంపుతారు.

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే. ఒక నాణెం 64 గ్రేడ్‌లో ఉంది, ధర పదివేలు. 65 అయితే 18 వేలు, 63కు దిగితే ఏడున్నర వేలు. గ్రేడింగు రుసుము, తపాలా, బీమా కలిపి మూడున్నర వేలు. నాలుగింట ఒక వంతు 65 వచ్చే అవకాశం ఉందని, నూటికి అరవై పాళ్లు మళ్లీ 64 వస్తుందని, మిగిలిన పదిహేను పాళ్లు 63 వస్తుందని అనుకుందాం. సగటున చేతికి వచ్చే విలువ 4,500, 6,000, 1,125 కలిపితే 11,625 రూపాయలు. అందులోంచి ఖర్చు 3,500 తీస్తే 8,125 మిగులుతుంది. కదపకుండా ఉంచితే పదివేలు. అంటే ఈ నాణేన్ని పగలగొట్టడం నష్టమే.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. 65 గ్రేడ్ ధర 18 వేలు కాదు, 40 వేలు. సగటు విలువ 17,125, ఖర్చు పోగా 13,625. లెక్క తలకిందులైంది. కొన్ని నాణేలను పదేపదే పగలగొట్టడం, కొన్నింటిని ఎవరూ తాకకపోవడం వెనక ఉన్నది ఇదే. అయితే ఈ లెక్కలో చేరని ప్రమాదం ఒకటుంది. నాణేన్ని ఎప్పుడో శుభ్రం చేశారని ఈసారి పరీక్షించేవారికి అనిపిస్తే అంకె ఇవ్వకుండానే తిప్పి పంపవచ్చు. అప్పుడు 63 కూడా ఉండదు.

ఈ ఆట వల్ల మిగతావారికి జరిగే నష్టం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. ఏ గ్రేడ్‌లో ఎన్ని నాణేలున్నాయో సంస్థలు ఒక జాబితా ప్రకటిస్తాయి. ఒకే నాణేన్ని నాలుగుసార్లు పగలగొట్టి పంపితే, పాత చీటీలు తిరిగి ఇవ్వకపోతే, జాబితాలో అవి నాలుగు నాణేలు అవుతాయి. అరుదైనది అరుదు కానట్టు కనిపిస్తుంది. పాత చీటీని సంస్థకు తిప్పి పంపి లెక్క సరిచేయించే వీలుంది. ఆ పని చేసేవారి పట్ల నాకు గౌరవం. దానివల్ల వారికి పైసా రాదు, తరువాత కొనేవాడికి నిజం తెలుస్తుంది.

పగలగొట్టకుండా కూడా కొన్ని దారులున్నాయి. పలక మీద గీతలు పడి నాణెం మసకగా కనిపిస్తుంటే, అదే సంస్థకు పంపితే గ్రేడ్ మార్చకుండా కొత్త పలక వేసిస్తుంది. ఒక సంస్థ పలకలో ఉన్న నాణేన్ని మరో సంస్థకు పలకతోనే పంపితే, తమ ప్రమాణాలకు సరిపోతేనే పలక మారుస్తారు, లేకపోతే ఉన్నదున్నట్టు తిరిగి వస్తుంది. అక్కడ పగలగొట్టే చేయి వారిది, బాధ్యత కూడా వారిది.

అతుకు ఎక్కడుంది, ఎలా విడిపోతుంది

స్లాబ్ రెండు సగాలను జిగురుతో అతికించరు. మన చెవికి వినిపించనంత వేగంగా, సెకనుకు ఇరవై వేలకు పైగా ప్రకంపనలతో ఒకదాన్నొకటి రుద్దుకునేలా చేస్తారు. ఆ రాపిడి వేడికి అంచుల్లో ప్లాస్టిక్ కరిగి ఏకమవుతుంది. లోపల నాణేన్ని ఒక వలయమో చిన్న పళ్లో అంచు దగ్గర పట్టి ఉంచుతాయి. ఈ నిర్మాణం తెలిస్తే ఏ పద్ధతులు నాణేనికి చేటో వాటంతట అవే అర్థమవుతాయి.

జిగురు లేదు కనుక నానబెడితే ఊడేది ఏమీ లేదు. కొందరు అసిటోన్‌లో ముంచితే ప్లాస్టిక్ కరిగి నాణెం బయటపడుతుందనుకుంటారు. కరిగే మాట నిజమే. ఇలాంటి పారదర్శక ప్లాస్టిక్‌లలో చాలావాటిని అసిటోన్ మెత్తటి జిగటగా మారుస్తుంది. ఆ జిగట వెళ్లి నాణెం మీద ముద్రల సందుల్లో పేరుకుంటుంది. వేడినీళ్లు మరో అపోహ. పాలీస్టైరీన్ మెత్తబడాలంటే సుమారు నూరు డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికీ ఆవిరికీ రాగి, వెండి రంగు మారడానికి ఎక్కువసేపు పట్టదు. రంపంతో కోస్తే ప్లాస్టిక్ పొడి లోపలికి రాలి నాణెం మీద పడుతుంది. నాణెం ఉన్న చోట సుత్తితో కొడితే ఆ దెబ్బ ప్లాస్టిక్ గుండా నేరుగా నాణేనికి చేరుతుంది.

అనుభవజ్ఞులు చేసేదాంట్లో సూత్రం ఒక్కటే: బలం నాణేనికి దూరంగా, అతుకు మీద పడాలి. చీటీ ఉన్న వైపు నాణేనికి దూరం. అక్కడి మూలను కటింగ్ ప్లేయర్‌తో కొంచెం కొంచెంగా కొరికితే అతుకు పగుళ్లిచ్చి, పగులు అంచు వెంబడి పాకి, రెండు సగాలు విడిపోతాయి. కొందరు పలకను తువ్వాలులో చుట్టి బెంచి వైసులో మూలలు బిగించి నొక్కుతారు. ఏ పద్ధతిలోనైనా ముక్కలు ఎగురుతాయి. అవి గాజుపెంకుల్లా పదునైనవి. వీళ్లు కంటికి అద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోరు. విడిపోయే క్షణంలో నాణెం జారి పడితే అంచు నొక్కుకుపోతుంది కనుక కింద మెత్తటి దళసరి బట్ట తప్పనిసరిగా ఉంటుంది. ముక్కలతో కలిసి నాణెం అటూ ఇటూ దొర్లడం అన్నిటికన్నా చెడ్డది. ప్లాస్టిక్ పెంకు వెండి మీద సన్నటి గీత గీయడానికి ఒక్కసారి రాసుకుంటే చాలు.

స్టేప్లర్ అట్ట చూడటానికి అమాయకంగా ఉంటుంది. నా అంచనాలో మన దగ్గర ఎక్కువ నాణేలను పాడుచేసింది ఇదే. పిన్నులు తీయకుండా, అట్టను కొంచెం విప్పి నాణేన్ని పక్కకు జరిపి లాగుతారు. పిన్ను మొన నాణెం ముఖం మీదుగా ఒక తిన్నని గీత గీస్తుంది. ఆ గీతను చూసిన సేకర్త దాని చరిత్ర ఏమిటో వెంటనే చెప్పేస్తాడు. పిన్నులన్నీ ముందే పూర్తిగా ఊడదీసి, అట్టను పుస్తకంలా తెరిస్తే నాణెం కదిలే అవసరమే రాదు.

క్యాప్సూల్‌తో ఉన్న చిక్కు బిగువు. రెండు బొటనవేళ్లతో బలంగా నొక్కితే మూత ఒక్కసారిగా ఎగిరి నాణెం గాల్లోకి లేస్తుంది. ప్రూఫ్ నాణేలకు ఇది చాలా ప్రమాదం. మెరుగుపెట్టిన అచ్చులతో, మెరుగుపెట్టిన బిళ్లల మీద ఒకటికి మించిన సార్లు కొట్టి చేసే నాణేలవి. వాటి నేలభాగం, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును చోటు, అద్దంలా ఉంటుంది. అద్దం మీద పడ్డ గీత దాగదు కదా.

అసలు ప్రమాదం బయటికి వచ్చాకే

పెట్టె తెరిచేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. నాణెం చేతికి వచ్చిన తరువాతి అయిదు నిమిషాల్లోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. మనకు లోహమంటే తోమాల్సిన వస్తువు. ఇత్తడి బిందెకు చింతపండు, వెండి కుందులకు విభూతి, రాగి చెంబుకు ఉప్పూ నిమ్మచెక్కా. పండగ ముందు రోజు వంటింటి గట్టు మీద తళతళలాడే సామాను చూస్తే కలిగే సంతోషం మన ఇళ్లలో తరతరాలది. అదే చేయి నల్లబడ్డ వెండి రూపాయి మీద పడితే ఆ నాణెం సేకర్తల దృష్టిలో ఆ పూటే ముగిసిపోతుంది.

కారణం ఇది. అచ్చు కొట్టినప్పుడు లోహం కేంద్రం నుంచి అంచు వైపు ప్రవహించి, పైన కంటికి కనిపించనంత సన్నని గీతలు ఏర్పడతాయి. వెలుతురులో నాణేన్ని తిప్పితే చక్రంలా తిరిగే మెరుపు ఆ గీతల వల్లే వస్తుంది. చింతపండులోని ఆమ్లం వాటిని తినేస్తుంది, విభూతి వాటిని అరగదీస్తుంది. నాణెం మెరుస్తుంది, కానీ ఆ మెరుపు వేరు. భూతద్దంలో చూస్తే ఒకే దిక్కున సాగిన రాపిడి గీతలు కనిపిస్తాయి. పోయిన మొదటి మెరుపును ఏ సంస్థా తిరిగి తేలేదు.

వెండి మీది నలుపు మురికి కాదు. గాలిలోని గంధకపు సమ్మేళనాలు వెండితో కలిసి ఏర్పడే పల్చటి పొర అది. నెమ్మదిగా, సమంగా ఏర్పడితే బంగారు, ఊదా, నీలి రంగుల్లో కనిపిస్తుంది. అలాంటి నాణేలకు ఎక్కువ ధర పెట్టేవారున్నారు. అన్నట్టు, స్లాబ్ కూడా పూర్తిగా గాలి చొరనిది కాదు. పలకలో ఉన్న నాణెం కూడా ఏళ్లు గడిచేకొద్దీ రంగు దిగవచ్చు. మూసి ఉంది కదా, ఇక మారదన్న ధీమాకు ఆధారం లేదు.

వేలిముద్ర కూడా ఇలాంటిదే. ముట్టుకున్న రోజున ఏమీ కనిపించదు. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు రాగి మీదా వెండి మీదా పని చేస్తూ పోతాయి. కొన్ని నెలలకు వేలి గీతలతో సహా ఒక మచ్చ తేలుతుంది. అందుకే నాణేన్ని ముఖం మీద కాక రెండు వేళ్లతో అంచున పట్టుకుంటారు.

మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్ గురించి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ సలహా తిరగబడుతుంది. ఆ మెత్తదనం పీవీసీ అనే ప్లాస్టిక్‌లో కలిపిన నూనెలాంటి పదార్థాల వల్ల వస్తుంది. కాలం గడిచేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ అవి ఊరి నాణేనికి అంటుకుంటాయి. ప్లాస్టిక్ విచ్ఛిన్నమై ఆమ్లం పుడుతుంది. రాగితో, రాగి కలిసిన వెండితో అది కలిసి ఆకుపచ్చ జిగురుగా మారుతుంది. హైదరాబాదు మే నెలలో బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో అందరికీ తెలుసు. ఈ ఆల్బమ్‌లోంచి నాణెం ఎంత త్వరగా బయటపడితే అంత మేలు. అంటిన జిగురును శుద్ధమైన అసిటోన్ లోహాన్ని కొరకకుండా కరిగిస్తుంది. స్లాబ్ విషయంలో శత్రువైన అసిటోన్ ఇక్కడ మిత్రుడు. అయితే గోళ్లరంగు తుడిచే ద్రవంలో నూనెలు, సువాసనలు కలిసి ఉంటాయి కనుక అది పనికిరాదు. అసిటోన్ ఇట్టే మంటలు అంటుకునే ద్రవం కూడా. పొయ్యి ఉన్న గదిలో దాని సీసా మూత తీయకూడదు.

పూజకు పెట్టే బంగారు నాణెం

శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర బంగారు నాణెం పెడతారు. పెద్దవాళ్లు నాణేన్ని కార్డులోంచి తీసి పసుపు కుంకుమలు పెట్టాలంటారు. ప్లాస్టిక్ మీద బొట్టు పెడితే పూజ ఎవరికి చేసినట్టని అడుగుతారు. కొన్నవారు సీలు చెడిపోతే తిరిగి అమ్మేటప్పుడు తక్కువ ఇస్తారంటారు. ఇద్దరి మాటల్లోనూ అర్థముంది.

ఇక్కడ విలువ దాదాపు మొత్తం లోహానిది. పసుపు కుంకుమలు 24 క్యారెట్ల బంగారాన్ని ఏమీ చేయవు. కార్డు చేస్తున్న పనల్లా బరువునూ మేలిమినీ మళ్లీ పరీక్షించాల్సిన అవసరం లేకుండా చేయడం. కార్డు తీస్తే దుకాణంలో ఆ పరీక్ష చేస్తారు, కొంత తగ్గించి లెక్క కట్టవచ్చు. ఉదాహరణకు పది గ్రాములు లక్ష రూపాయలు, తగ్గింపు రెండు శాతం అనుకుంటే పోయేది రెండు వేలు. ఏటా వ్రతంలో ఆ నాణేన్ని చేతితో తాకి పూజించుకోవాలనే కుటుంబానికి అది పెద్ద మొత్తమో కాదో వాళ్లే చెప్పాలి. కొన్నచోటే తిరిగి అమ్మాలనుకునేవారికి మాత్రం ఆ దుకాణం రసీదులో సీలు గురించి ఏం రాసిందన్నది కీలకం.

ఒక చిన్న సాంకేతిక విషయం. దుకాణాల్లో ఉండే క్యారట్ మీటరు ఎక్స్ కిరణాలతో లోహపు పైపొరను చదువుతుంది. మధ్యలో దళసరి ప్లాస్టిక్ ఉంటే సరిగా చదవలేదు. అంటే సీలు మీద నమ్మకం కుదరకపోతే దుకాణదారు కూడా కార్డు విప్పక తప్పదు.

ఎన్టీఆర్ నాణెం ఈ లెక్కకు లొంగదు. 35 గ్రాముల ఆ నాణెంలో సగమే వెండి, అంటే పదిహేడున్నర గ్రాములు. మిగతాది 40 శాతం రాగి, అయిదేసి శాతం నికెల్, జింకు. గ్రాము వెండి వంద రూపాయలనుకుంటే లోహం విలువ 1,750 రూపాయలు. సేకర్త ఇచ్చే ధరలో మిగతాదంతా ముద్రకు, మెరుపుకు, టంకశాల ఫోల్డరుకు. ఫోల్డరు పారేసిన నాణేనికి అచ్చంగా అదే లోహం ఉన్నా అదే ధర రాదు. క్యాప్సూల్‌తో సహా ఫోల్డరులోంచి తీసి చూసుకుని మళ్లీ పెట్టుకోవడంలో మాత్రం నష్టం లేదు. 2011 నాణేల చట్టం నిషేధించేది నాణేలను కరిగించడాన్ని, ధ్వంసం చేయడాన్ని. ప్యాకింగు తీయడం దాని కిందికి రాదు.

నిజాం రూపాయి: చట్టమూ చరిత్రా

చార్మినార్ రూపాయి మన ఊరి నాణెం. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ నాణేల మీద, ద్వారంలో ఆయన పేరులోని మొదటి ఉర్దూ అక్షరం మీమ్ ఉంటుంది. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల మీద అదే చోట ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం అయిన్ ఉంటుంది. ఆ అయిన్ కొన్నింటి మీద పొట్టి రూపంలోనూ, కొన్నింటి మీద నిండు రూపంలోనూ ఉంటుంది. సేకర్తలు ఈ తేడాను ప్రాణంగా చూసుకుంటారు. సుమారు 11.18 గ్రాముల బరువు, నూటికి 81.8 పాళ్లు వెండి. కలిసిన రాగి ఎక్కువ కనుక బ్రిటిష్ రూపాయికన్నా దీనికి చిలుము భయం ఎక్కువ.

దీన్ని పలకలోంచి తీసి మళ్లీ గ్రేడింగుకు అమెరికా పంపుదామనుకునేవారికి అడ్డు వచ్చేది ప్లాస్టిక్ కాదు, 1972 నాటి పురావస్తువుల చట్టం. నూరేళ్లు నిండిన నాణెం ఆ చట్టం దృష్టిలో పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. నాణెం మీద హిజ్రీ సంవత్సరం 1343 అని ఉంటే అది 1924 ఆగస్టుకూ 1925 జులైకీ మధ్యది. అంటే 2025 నాటికి నూరేళ్ల గీత దాటింది. విదేశీ వేలంలో కొని ఇక్కడికి తెచ్చుకున్న స్లాబ్‌ను పగలగొడితే, తిరిగి అదే సంస్థ సాక్ష్యం పొందడానికి నాణేన్ని బయటికి పంపే దారి మూసుకుపోయిందన్నమాట. ఇక్కడ పగలగొట్టడం వెనక్కి తీసుకోలేని నిర్ణయం. నూరేళ్లు నిండని నాణెమైతే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే ధ్రువపత్రం తీసుకుని పంపవచ్చు.

బరువు తూచలేని నాణెం

చరిత్ర పరిశోధకుల అభ్యంతరం వేరే దిక్కునుంచి వస్తుంది. నాణేన్ని చదవాలంటే బొమ్మా బొరుసూ చాలవు. బరువు తూచాలి. అంచు చూడాలి. బొమ్మ నిటారుగా ఉన్నప్పుడు బొరుసు ఏ దిక్కుకు తిరిగి ఉందో గమనించాలి. అతుకు వేసిన పలక తూకాన్ని అసాధ్యం చేస్తుంది, వలయం అంచును కప్పేస్తుంది. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు తవ్వకాల్లోనూ కోటిలింగాలలోనూ దొరికిన శాతవాహన నాణేలు మన చరిత్రకు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. అలాంటి నాణేలు చదవడానికి చేతికి అందాలి. అందుకే మ్యూజియంలలో నాణేలు సాధారణంగా అరల్లో విడిగా ఉంటాయి, గ్రేడ్ అంకెల వెనక కాదు. అయితే విడిగా ఉంచడమూ నిర్భయం కాదు. సీసం నాణేలను కొన్ని రకాల కర్ర అరల్లో ఉంచితే కర్రలోంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లకు అవి తెల్లటి పొడిగా రాలిపోతాయి.

వ్యాపారులు దీనికి చెప్పే సమాధానం కూడా న్యాయమైనదే. నకిలీలు నిండిన బజారులో, నాణేల గురించి లోతుగా తెలియని మామూలు కొనుగోలుదారుకు పలక ఒక్కటే అండ. నిజానికి ఆ అండకు కూడా నకిలీలు వచ్చాయి. తమ పలకలనే అనుకరించి చేసినవి బజారులో తిరుగుతున్నాయని 2008లో పీసీజీఎస్ హెచ్చరించింది. అందుకే ఇప్పుడు చీటీ మీది సంఖ్యను సంస్థ వెబ్‌సైటులో చూసి, అక్కడి ఫొటోను చేతిలోని నాణెంతో పోల్చుకుంటారు. అతుకు వెంబడి తెల్లగా పొంగిన గీత, జిగురు మరక, మూల దగ్గర కొరుకుడు గుర్తు ఉంటే ఆ పలకను ఎవరో ఒకసారి విప్పారన్నమాట.

నాణేన్ని బయటికి తీయాలనే నిశ్చయించుకున్న పరిశోధకులు, శ్రద్ధగల సేకర్తలు పగలగొట్టడానికి ముందే పలకను రెండు వైపులా, చీటీ సంఖ్య కనిపించేలా ఫొటో తీసుకుంటారు. తీశాక బరువు తూచి, అంచు ఫొటో తీసి, కొత్త అట్ట మీద ఆ సంఖ్యను, తేదీని పెన్సిలుతో రాస్తారు. చీటీని పారేయరు. నాణెం కొత్త క్యాప్సూల్‌లోకి వెళితే, చీటీ దాని పక్కనే ఒక కవరులో ఉంటుంది, లేదా లెక్క సరిచేయమని సంస్థకు తిరిగి వెళుతుంది.